జాంగో ఫిక్స్చర్లు: ఏళ్ల తరబడి వాడాక, పర్లాకిమిడి నుంచి

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు హోల్‌సేల్ కొట్లకి జాంగోతో (పైథాన్ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ రాసే ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంటాను. కొత్త కొట్టు వచ్చిందంటే ఖాళీ డేటాబేస్‌లో ముందు రాష్ట్రాలు, వాటి కింద జిల్లాలు, ఆ కింద ఒడిశా అయితే బ్లాకులు, ఆంధ్రా అయితే మండలాలు, ఆఖర్న ఊళ్లు ఎక్కాలి, అప్పుడే మొదటి బిల్లు తీయగలం. ఇందులో తేడా వస్తే పన్నే మారిపోతుంది. జీఎస్టీలో ఒడిశా కోడ్ 21, ఆ రాష్ట్రం లోపలే సరుకు పంపితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) పడాలి, పక్కనే ఉన్న పాతపట్నానికి పంపితే అది ఆంధ్రా, కోడ్ 37, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) పడాలి.

ఈ పనికి ఫిక్స్చర్లే, అంటే డేటాబేస్‌లో ఎక్కించాల్సిన డేటా రాసి ఉంచే ఫైళ్లే, వాడుతున్నాను. జేసన్ ఫార్మాట్‌లో ఫైల్ రాసుకుని, దాన్ని డేటాబేస్‌లోకి ఎక్కించే లోడ్‌డేటా కమాండ్ కొడితే చాలు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతుంది, ఒక్క ఊరికి దాని బ్లాకు దొరకకపోయినా మొత్తం వెనక్కి పోతుంది, సగం సగం ఎక్కిన డేటాబేస్‌తో టెన్షన్ పడే పని లేదు. జాంగో 3.1 వెర్షన్ నుంచి డంప్‌డేటా (డేటాబేస్‌లో ఉన్నదాన్ని ఫైల్‌గా తీసే కమాండ్) తెలుగు, ఒడియా పేర్లని కోడ్ ముక్కలుగా కాకుండా అక్షరాలుగానే రాస్తోంది, ఊళ్ల పేర్లు సరిచూసేవాళ్లకి ఇది ఎంత సుఖమో చెప్పలేను.

అసలు చిక్కంతా ఏ ఊరు ఏ బ్లాకుది అని కలిపే సంబంధాల దగ్గరే. ఐడీ నంబర్లతో కలిపితే ఫైల్ చదివినా ఏమీ అర్థం కాదు, బ్లాకు 57 అంటే ఏ బ్లాకు? అందుకే నేచురల్ కీ ఉంది, నంబరు బదులు పేరు రాయొచ్చు. కానీ ఒట్టి పేరు ఇక్కడ పనికిరాదు. రాయగడ అనే బ్లాకు రాయగడ జిల్లాలో ఉంది, మన గజపతి జిల్లాలోనూ ఉంది, పేరుతో వెతికితే రెండు రికార్డులు దొరికి లోడ్ ఆగిపోతుంది. సరే, జిల్లా పేరు కూడా కీలో కలుపుదాం అంటే దానికీ ఒక దెబ్బ ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో 13 జిల్లాలు 26 అయ్యాయి, పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఫైల్‌లో జిల్లా మార్చి లోడ్ చేస్తే జాంగోకి అది కొత్త కీ, కాబట్టి పాత పాలకొండని కదపదు, రెండో పాలకొండని పుట్టిస్తుంది, ఖాతాదార్లు మాత్రం పాతదానికే అంటుకుని ఉంటారు. ఐడీలతో ఉన్న ఫైల్ అయితే ఈ ఒక్క విషయంలో నయం, అదే రికార్డు మీద జిల్లా మారిపోతుంది.

అందుకని నేను బ్లాకులకీ, మండలాలకీ, ఊళ్లకీ కోడ్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌నే నేచురల్ కీ చేస్తాను, పేరు, జిల్లా రెండూ మామూలు కాలమ్‌లు. బ్లాకు, మండలం కోడ్‌లు వేరు వేరు వరుసలు, అందుకని రకం కూడా కీలో పెట్టాలి. ఇలా చేశాక జిల్లా మారినా రికార్డు అదే ఉంటుంది, ఒకే పేరున్న బ్లాకులూ కొట్టుకోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే ఇది చేయండి, ఖాతాదార్లు చేరాక కీ మార్చడం నరకం.

ఇంకోటి, మోడల్‌లో (జాంగోలో ఒక టేబుల్‌ని వర్ణించే కోడ్) మీరు రాసుకున్న సేవ్ మెథడ్‌ని లోడ్‌డేటా పిలవదు. అక్కడ తయారయ్యే కాలమ్‌లు ఏమైనా ఉంటే ఫైల్‌లోనే నింపి పెట్టాలి.

కోపం వచ్చేది మాత్రం ఒక్కదానికే. లోడ్‌డేటా మళ్లీ నడిపితే కీ కలిసిన ప్రతి రికార్డునీ ఫైల్‌లో ఉన్నదానితో తిరగరాస్తుంది. కొట్టు యజమాని ఒక ఊరికి రవాణా ఖర్చు మార్చుకుని ఉంటే అది మాట కూడా చెప్పకుండా పోతుంది. లేనివి మాత్రమే చేర్చు అనే ఆప్షన్ ఇన్నేళ్లయినా దానికి లేదు. అందుకే రాష్ట్రాలు, జిల్లాలు, బ్లాకులు, ఊళ్లు, ఇలా కొట్టువాళ్లు ముట్టుకోనివే ఫిక్స్చర్‌లో పెడతాను. రవాణా ఖర్చులు, ధరల పట్టీలు డేటా మైగ్రేషన్‌లో (డేటాబేస్‌లో మార్పులు చేసే జాంగో స్క్రిప్ట్) గెట్-ఆర్-క్రియేట్‌తో (ఉంటే తీసుకో, లేకపోతే చేర్చు అనే ఫంక్షన్) వేస్తాను, ఉన్నదాని జోలికి అది పోదు.