నాన్న చిగుళ్లు, పళ్ల సందుల బ్రష్: మూడు నెలల వాడకం తర్వాత

నేను రాస్తున్నది ఇంటర్‌డెంటల్ బ్రష్ గురించి. సన్నటి తీగ, దాని చుట్టూ నైలాన్ కుచ్చు, కింద చిన్న పిడి. పన్నుకీ పన్నుకీ మధ్య దూర్చి తోముకునేది. మూడు నెలలుగా రోజూ రాత్రి నాన్న చేత దగ్గరుండి వాడిస్తున్నాను. మేం దీన్ని పళ్లు తళతళలాడాలని కొనలేదు, గుండె కోసం కొన్నాం.

పోయినేడాది నాన్నకి జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చేది, రాత్రి చెమటలు పట్టి తగ్గేది. ఒక క్లినిక్‌లో యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తే తగ్గింది. కోర్సు అయిన వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలే ఇచ్చారు. రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపుదామని అక్కడ ఎవరూ అనలేదు, ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఐదో వారానికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గుండె వాల్వ్‌కి ఇన్‌ఫెక్షన్ అన్నారు, దాని పేరు ఎండోకార్డైటిస్. కల్చర్‌లో పెరిగింది స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ అనే బ్యాక్టీరియా. "ఇది నోట్లో ఉండేదేనమ్మా, పళ్ల మీద" అన్నారు డాక్టర్‌గారు.

మనుషుల నోళ్లలో ఇప్పటిదాకా 700కి పైగా రకాల బ్యాక్టీరియాను గుర్తించారు. చాలావాటితో మనకి ఏ పేచీ లేదు. ఈ సాంగ్వినిస్ కూడా శుభ్రంగా తోమిన పన్ను మీద అందరికంటే ముందొచ్చి అతుక్కునే వాటిలో ఒకటి. పన్ను మీద ఉన్నంతవరకు బుద్ధిగానే ఉంటుంది. చిగురు వాచి ఉంటే మాత్రం నమిలినా, తోమినా కాస్త రక్తంలోకి దిగుతుంది. గుండె బాగున్నవాళ్లలో శరీరం దాన్ని త్వరగానే తుడిచేస్తుంది. నాన్నకి పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వ్‌కి మూడు రేకులకి బదులు రెండే ఉన్నాయట. ఆ సంగతి 62 ఏళ్లు ఎవరికీ తెలియదు. దెబ్బతిన్న ఆ రేకుల మీద బ్యాక్టీరియా, ప్లేట్‌లెట్లు కలిసి ముద్ద కట్టాయి. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించారు, ఆపైన వాల్వ్ మార్చారు. ఇప్పుడున్నది మెకానికల్ వాల్వ్. రాత్రి ఫ్యాన్ ఆపేస్తే దాని టిక్ టిక్ పక్కన కూర్చున్నవాళ్లకి వినిపిస్తుంది.

ఇంటికొచ్చాక పళ్లు తోమినప్పుడల్లా ఉమ్మిలో రక్తం. వాల్వ్ కోసం వార్ఫరిన్ వేసుకుంటున్నారు కదా, రక్తం పలచబడే మందు, అందుకేలే అని సరిపెట్టుకున్నాం. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తే 2.6, ఉండాల్సిన చోటే ఉంది. పళ్ల డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఈ మందు కారే రక్తాన్ని త్వరగా ఆగనివ్వదు, అంతే. అసలు కారడం మొదలయ్యేది వాపు వల్ల" అన్నారు. ఒక్కో పంటికి ఆరు చోట్ల, చిగురుకీ పంటికీ మధ్య సన్నటి కొలత కడ్డీ దించి లోతు చూశారు. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలేనట. దవడ పళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అసిస్టెంట్‌కి "ఐదు, ఆరు, ఐదు" అని చెబుతుంటే నాకు టెన్షన్ మొదలైంది.

గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేయించి, చిగుళ్ల కింద గార గీకేశారు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకి చిగుళ్లను కదిలించే పని ఏది చేసినా ముందు ఈ డోసు ఇస్తారు. వాల్వ్ మార్పించుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే కుర్చీలో కూర్చోకముందే ఆ మాట చెప్పండి. ఆ తర్వాత రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చారు. పళ్లు గోధుమరంగుకి తిరిగాయి, నాలుకకి రుచి తెలియలేదు. "ఈ మౌత్‌వాషే వాడుకుంటాను, ఆ తీగ నాకెందుకమ్మా" అన్నారు నాన్న. పుక్కిలిస్తే ఎందుకు చాలదో 1683లోనే ల్యూవెన్‌హుక్ రాసి పెట్టాడు. తన పళ్ల సందుల్లోంచి తీసిన పాచిని మైక్రోస్కోప్ కింద పెట్టి కదిలే ప్రాణులను చూసిన మనిషి ఆయన. ఘాటైన వెనిగర్‌తో నోరు పుక్కిలించి మళ్లీ చూస్తే పాచిలో అవి ఇంకా బతికే ఉన్నాయి. అదే పాచిని నీళ్లలో కలిపి అందులో వెనిగర్ వేస్తే వెంటనే చచ్చాయి. పై పొర దాటి మందు లోపలికి పోవడం లేదని ఆయనకి అప్పుడే అర్థమైంది. పాచిని ముందు కదిలించాలి, మామూలు బ్రష్ కుచ్చు పళ్ల మధ్యకి చేరదు. ఈ చిన్న బ్రష్ పని అక్కడే.

నాన్నకి ఇంకో భయం. "రక్తం కారేచోట దీన్ని గుచ్చితే ఆ క్రిములు మళ్లీ లోపలికి పోవూ?" అని అడిగారు. నా భయమూ అదే. వాపు ఉన్నన్నాళ్లూ ఏం చేసినా కొంచెం పోతూనే ఉంటాయి, వాపు తగ్గించడమే దారి అన్నారు డాక్టరమ్మ. మొదటి రాత్రి వెనక దవడ సందులోంచి బ్రష్ బయటికి తీస్తే కుచ్చు నిండా పసుపుపచ్చటి జిగట, కొసన ఎరుపు, భరించలేని వాసన. అప్పటికి పది నిమిషాల క్రితమే పళ్లు తోముకుని వచ్చారాయన! మొదటి వారం రక్తం అలాగే కనిపించింది. రెండో వారంలో ఒకటి రెండు చోట్లకి తగ్గింది. నాలుగో వారం బ్రష్‌ని తెల్ల టిష్యూ మీద తుడిచి చూశాను, మరక లేదు. వార్ఫరిన్ అదే, మోతాదూ అదే.

ఇక వస్తువులో లోపాలు. సైజు దొరకబుచ్చుకోవడం పెద్ద తలనొప్పి. నాన్నకి ముందు పళ్లకి 0.4 మిల్లీమీటర్లది, దవడ పళ్లకి 0.7ది కావాల్సొచ్చింది. డాక్టరమ్మ రంగు చెప్పారు, నేను వేరే కంపెనీది అదే రంగు కొన్నాను, అది అసలు దూరలేదు. కంపెనీని బట్టి రంగు మారుతుంది, కాబట్టి ప్యాకెట్ మీది అంకె చూడండి. కొంచెం ఒరుసుకుంటూ దూరితే సరైన సైజు. వదులుగా ఉంటే పని చేయదు, బలవంతం చేస్తే చిగురు చీరుకుంటుంది. సందే లేనిచోట ఫ్లాస్, అంటే పళ్ల మధ్య లాగే సన్నటి దారం, వాడాలి.

పొట్టి పిడి నాన్న వేళ్లకి చిక్కలేదు. మూడు తీగలు వంగి విరిగాయి, ఒక ముక్క సందులో ఉండిపోతే ట్వీజర్‌తో లాగాను, చెమటలు పట్టాయి. పొడుగు పిడి, మెడ దగ్గర వంపు ఉన్నది తెచ్చాక ఆ గొడవ లేదు. తీగకి ప్లాస్టిక్ పూత ఉందో లేదో చూసుకోండి, వేరు బయటపడ్డ పళ్లకి ఉత్త తీగ జివ్వుమంటుంది. పేస్ట్ అక్కర్లేదు. ఒక్కో సందులో రెండు మూడు సార్లు లోపలికీ బయటికీ ఆడించి, కుళాయి కింద కడిగి ఆరబెడితే ఒక బ్రష్ మాకు వారం దాకా వస్తోంది.

అమ్మకి షుగర్. చిగుళ్ల జబ్బు షుగర్‌ని పెంచుతుంది, షుగర్ చిగుళ్లని పాడు చేస్తుంది. అందుకే ఆవిడ చేతా మొదలుపెట్టించాను, ఫలితం చెప్పడానికి ఇంకా టైముంది.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ విరిగిన ఆ ముక్కకి. మొన్న చెకప్‌లో మళ్లీ కొలిచారు. ఆరు ఉన్నచోట నాలుగైంది, చాలా చోట్ల మూడుకి వచ్చింది. కుడివైపు చివరి దవడ పన్ను వెనక మాత్రం ఇంకా ఐదే. దానికి 0.8 సైజు రాసిచ్చారు, నిన్న రాత్రి నుంచి అది వాడుతున్నాం.