ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) పెట్టాలా, బ్యాంకుతో సెటిల్ చేసుకోవాలా?

ఒక్క జీతంతో నడిచే ఇంట్లో అప్పు చేయి దాటితే వచ్చే టెన్షన్ ఇదే. మన రాష్ట్రాల్లో మామూలు మనిషి పెట్టే ఐపీ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది.

ఖర్చు: ఐపీలో లాయరు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు.
సెటిల్‌మెంట్‌కు లాయరు అక్కర్లేదు గానీ బ్యాంకు తగ్గించి ఒప్పుకున్న మొత్తం కట్టే డబ్బు చేతిలో ఉండాలి. దానికోసం మళ్లీ వడ్డీకి తెస్తే కథ మొదటికే వస్తుంది.

ఆస్తి: ఐపీలో ఆస్తి కోర్టు అధీనంలోకి పోతుంది. వంటసామాను, పనిముట్ల లాంటివి మిగులుతాయి. అప్పులవాళ్లకు దక్కకుండా పొలం బావమరిది పేర రాయించే ఆలోచన అసలు వద్దు. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్లలోపు చేసిన అలాంటి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు.

రిస్క్: ఐపీ చెక్ బౌన్స్ కేసును ఆపదు, హామీ ఉన్నవాళ్లను విడిపించదు. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.
సెటిల్‌మెంట్‌తో సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, కొత్త లోన్ కష్టం. సెటిల్మెంట్‌కు ఒప్పుకున్నట్టు బ్యాంకు లెటర్ చేతికి రాకుండా పైసా కట్టకండి.

అప్పు ఒకటి రెండు బ్యాంకులదే అయితే సెటిల్‌మెంటే మేలు. ప్రామిసరీ నోట్లు పదిమంది చేతుల్లో ఉండి, అమ్మడానికి ఏమీ లేనప్పుడే ఐపీ.