హోమ్‌బిల్ట్ పైలట్లకు టర్మ్ పాలసీ: పదకొండో ఏట సమీక్ష

అమెరికాలో సొంతంగా కట్టుకున్న విమానం నడిపేవాళ్లకు జీవిత బీమా దొరకదని చాలామంది నమ్మి అసలు అడగడమే మానేస్తారు. దొరుకుతుంది. ఏ షరతు మీద దొరుకుతుందన్నదే చూసుకోవాలి. ఇక్కడ చెప్తున్నది 20 ఏళ్ల లెవెల్ టర్మ్ పాలసీ (గడువంతా ప్రీమియం పెరగని, మరణానికి మాత్రమే సొమ్ము ఇచ్చే బీమా) గురించి. కవరు 5 లక్షల డాలర్లు, నడుస్తున్నది పదకొండో ఏడు. విమానం వ్యాన్స్ ఆర్‌వీ-7, ఇంజను లైకమింగ్ ఓ-360. బీమా కంపెనీ పేరు రాయడం లేదు. ఈ షరతులు దాదాపు అన్ని కంపెనీల్లోనూ అటూ ఇటూగా ఇవే.

ముందు మార్కులు: కవరుకి 5కి 5. ధరకి 3. కంపెనీ ఆఫీసు పనితీరుకి 2, అది కూడా కష్టం మీద.

అసలు దరఖాస్తు వెనకాల రెండు పేజీల ఏవియేషన్ ప్రశ్నావళి ఒకటి వస్తుంది. ధర తేలేది అక్కడే. మొత్తం గంటలు, పోయిన 12 నెలల్లో ఎగిరినవి, రాబోయే 12 నెలల్లో ఎగరబోయేవి, లైసెన్సు, రేటింగులు, మెడికల్ క్లాసు, ఎందుకు ఎగురుతారు అన్నవన్నీ అడుగుతారు. ఆ కింద విడిగా కొన్ని గళ్లు ఉంటాయి: హోమ్‌బిల్ట్, ఎక్స్‌పెరిమెంటల్, ఏరోబాటిక్స్, టెస్ట్ ఫ్లయింగ్. మనవాళ్లు దెబ్బతినేది ఈ చివరి గడి దగ్గరే. కొత్తగా కట్టిన విమానానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మొదట పరీక్షా దశ పెడుతుంది, దాన్ని ఫేజ్ వన్ అంటారు. ఇంజను, ప్రొపెల్లరు సర్టిఫై అయిన జోడీ అయితే మామూలుగా 25 గంటలు, కాకపోతే 40. ఆ గంటలు పూర్తయ్యేదాకా ప్రతి ఎగరడమూ నిజంగానే టెస్ట్ ఫ్లయింగే. కాబట్టి ఫేజ్ వన్ మిగిలి ఉన్నవాళ్లు ఆ గడిలో టిక్కు పెట్టాల్సిందే, దాని రేటు భరించాల్సిందే. ఫేజ్ వన్ దాటాక దరఖాస్తు చేస్తే అదే గడిలో నిజాయితీగా 'లేదు' అని రాయవచ్చు. ఈలోపు ఇంటికి వేరే కవరు ఉంటే ఆగడం మేలు. లేకపోతే ఆగకండి, అదనపు రేటుకైనా ఇప్పుడే తీసుకోండి. తగ్గించుకునే దారి తర్వాత ఉంది, కింద చెప్తాను.

గంటల విషయంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. తక్కువ ఎగురుతామని రాస్తే ప్రమాదం తక్కువ అనుకుంటారని, రాబోయే ఏడాదికి 10 గంటలని రాసేస్తారు. దరఖాస్తు చూసి రేటు తేల్చే అండర్‌రైటరు దాన్ని తిరగేసి చదువుతాడు. ఏడాదికి 15 గంటలు ఎగిరేవాడి చెయ్యి మొద్దుబారి ఉంటుంది, 80 గంటలు ఎగిరేవాడి చెయ్యి వాడుకలో ఉంటుంది అని. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ఏం చెప్తోందో అదే రాయండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు (బయట కనిపించనప్పుడు పరికరాలు చూసి ఎగిరే అర్హత) ఉంటే అడగకపోయినా రాయండి.

ఇక డబ్బు సంగతి. పైలట్లకు వేసే అదనపు రుసుమును ఫ్లాట్ ఎక్స్‌ట్రా అంటారు. ప్రతి వెయ్యి డాలర్ల కవరుకి ఏడాదికి ఇంత అని లెక్క. ఈ పాలసీకి మొదట పడింది వెయ్యికి 3.50. అంటే 500 వేలకు ఏడాదికి 1,750 డాలర్లు, మూల ప్రీమియం కాక. ఇది వయసుని బట్టి మారదు. అందుకే 35 ఏళ్ల ఆరోగ్యవంతుడికి అసలు కన్నా కొసరే ఎక్కువై కూర్చుంటుంది. అదే మనిషికి ఒక కంపెనీ 2.50 అంటే ఇంకొకటి 5 అనవచ్చు, మరొకటి ఏమీ వేయకపోవచ్చు. ఆ తేడా ముందే తెలుసుకోవాలంటే ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంటు కాకుండా నాలుగైదు కంపెనీలతో లావాదేవీ ఉన్న బ్రోకరు కావాలి. పేరు లేకుండా వివరాలు మాత్రమే పంపి అనధికారికంగా రేటు అడగమనండి. సంతకం పెట్టిన దరఖాస్తు ఒకసారి తిరస్కారమైతే ఆ తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ దాన్ని చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా ఎంఐబీ అనే బీమా కంపెనీల ఉమ్మడి రికార్డులో మన జవాబుల సంకేతాలు ఉంటాయి, ఒకచోట ఒకటి, మరోచోట ఇంకొకటి రాస్తే బయటపడుతుంది. ఎన్ నంబరు (విమానం రిజిస్ట్రేషన్ నంబరు), పైలటు సర్టిఫికెట్టు ఎటూ ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేవే.

ఫ్లాట్ ఎక్స్‌ట్రా బరువు చూసి చాలామంది రెండో దారి పడతారు: ఏవియేషన్ ఎక్స్‌క్లూజన్ రైడరు, అంటే విమానంలో మరణాన్ని కవరు నుంచి తీసేసే అదనపు షరతు. ప్రీమియం మామూలు మనిషికి పడేంతే పడుతుంది. ఇది తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. ఆ కాగితం పాలసీ చివర్లో విడిగా ఉంటుంది, పాలసీ చేతికిచ్చేటప్పుడు దాని మీద వేరే సంతకం తీసుకుంటారు. అందులో ఉండే సారం ఇది: పైలటుగా గాని, సిబ్బందిగా గాని, శిక్షణలో గాని విమానంలో ఉండగా చనిపోతే కంపెనీ ఇచ్చేది కట్టిన ప్రీమియంలు లేదా ఆ రోజుకున్న రిజర్వు (ఆ పాలసీ కోసం కంపెనీ పక్కన పెట్టిన సొమ్ము) మాత్రమే. కొన్నింటిలో షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్‌లో టికెట్టు కొన్న ప్రయాణికుడికి తప్ప ఇంకెవరికీ కవరు వర్తించదని ఉంటుంది. అంటే స్నేహితుడి విమానంలో పక్క సీట్లో కూర్చున్నా అంతే. ఇంట్లోవాళ్లు ఏ ఒక్కదాని గురించి భయపడుతున్నారో దాన్నే తీసేసిన పాలసీ అది. రెండేళ్లు దాటితే రైడరు చెల్లదన్న మాట కూడా తిరుగుతోంది, అది తప్పు. రెండేళ్ల తర్వాత దరఖాస్తులో పొరపాట్లున్నాయని పాలసీని సవాలు చేసే హక్కు కంపెనీకి దాదాపు పోతుంది. రైడరు మాత్రం కవరు హద్దు, అది పాలసీ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పాలసీ చేతికొచ్చాక ఫ్రీ లుక్ గడువు (నచ్చకపోతే తిప్పి ఇచ్చేసే గడువు) రాష్ట్రాన్ని బట్టి 10 రోజులో ఇంకా ఎక్కువో ఉంటుంది. ఆ వారం కూర్చుని చివరి పేజీ దాకా చదవండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్‌లో మామూలుగా విమానం గురించి అడగరు, అది మంచిదే. కానీ పక్కనే కనిపించే ఏడీ అండ్ డీ, అంటే ప్రమాద మరణానికి ఇచ్చే రెట్టింపు సొమ్ము, పైలటుగా చనిపోతే ఇవ్వనివే ఎక్కువ. హెచ్‌ఆర్ పోర్టల్లో రెండూ కలిపి చూపించే మొత్తాన్ని నమ్ముకోవద్దు. ఉద్యోగం పోతే ఆ కవరు పోతుంది, దాన్ని సొంత పాలసీగా మార్చుకునేందుకు సాధారణంగా 31 రోజులే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు సొంత పాలసీ అడిగితే వీసా కాగితాలు, ఇండియా ప్రయాణాల వివరాలు కూడా అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి. వచ్చే ముందు ఊళ్లో కట్టిన ఎల్ఐసీ పాలసీల ప్రమాద ప్రయోజనం కూడా విమానం నడిపేవాళ్లకు వర్తించదు, ప్రయాణికులకే.

విమానం కట్టుకునే కిట్టు ఇంకా కొనలేదు, పాఠాలు మొదలుపెట్టలేదు అన్నవాళ్లు అదృష్టవంతులు. రాబోయే రెండేళ్లలో ఎగిరే ఉద్దేశముందా అన్న ప్రశ్నకు నిజంగా లేదని రాయగలిగిన రోజునే పాలసీ తీసుకోండి. తర్వాత ఎప్పుడో మనసు మారి ఎగిరినా, మామూలు టర్మ్ పాలసీల్లో అది కంపెనీకి చెప్పాల్సిన పని లేదు, రేటూ మారదు. గ్యారేజీలో తోక భాగం కిట్టు పెట్టె దిగాక మాత్రం 'ఉద్దేశం లేదు' అన్నది అబద్ధమే అవుతుంది.

మెడికల్ దగ్గర ఇంకో చిక్కు. ఎఫ్‌ఏఏ మెడికల్ ఫారంలో రాసిన మందులూ, బీమా నర్సుకి చెప్పినవీ ఒకటే కావాలి. బీమావాళ్లు మందుల దుకాణాల రికార్డులు తెప్పించుకుంటారు. బీపీ మాత్ర, స్లీప్ ఆప్నియా యంత్రం, రెండూ దాచలేనివి. 2017 మే నుంచి బేసిక్‌మెడ్ (ఎఫ్‌ఏఏ మెడికల్ బదులు మామూలు డాక్టరు పరీక్షతో ఎగరనిచ్చే పద్ధతి) వచ్చింది కదా, ప్రశ్నావళిలో దానికి గడే లేని కంపెనీలున్నాయి. ఖాళీ వదలకుండా డాక్టరు నింపిన చెక్‌లిస్టు, కోర్సు సర్టిఫికెట్టు జత చేయండి.

రేటు తగ్గించుకునే దారి గురించి. ఫ్లాట్ ఎక్స్‌ట్రా పడిన పాలసీకి ఏడాదో రెండేళ్లో గడిచాక పునఃపరిశీలన అడగవచ్చు. లెవెల్ టర్మ్‌లో రేటుకి గ్యారంటీ ఉంటుంది కాబట్టి అడిగినంత మాత్రాన పెంచలేరు, తగ్గిస్తారు లేదా అలాగే ఉంచుతారు. ఈ పాలసీకి నాలుగో ఏట పంపినవి: గులాబీ రంగు ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్టు నకలు, ఆపరేటింగ్ లిమిటేషన్స్ (ఆ విమానం ఎగరడానికి ఎఫ్‌ఏఏ పెట్టిన షరతుల కాగితం), ఫేజ్ వన్ పూర్తయిందని విమానం లాగ్‌బుక్‌లో రాసిన పేజీ, అప్పటికి వచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు, చివరి ఫ్లయిట్ రివ్యూ (రెండేళ్లకోసారి శిక్షకుడితో చేయాల్సిన సమీక్ష) తేదీ, కొత్తగా నింపిన ప్రశ్నావళి. వీటికి పైన ఒక పేజీ ఉత్తరం: ఇది వేల సంఖ్యలో ఎగురుతున్న కిట్టు నమూనా, ఇంజను సర్టిఫై అయినది, టెస్ట్ దశ ఫలానా తేదీన ముగిసింది అని. 'ఎక్స్‌పెరిమెంటల్' అన్న మాట అండర్‌రైటరుకి ప్రయోగశాలలా వినిపిస్తుంది, ఆ ఉత్తరమే దాన్ని నేల మీదికి తెస్తుంది. 3.50 పూర్తిగా ఎత్తేశారు.

ఆఫీసుకి మార్కులు కోసింది ఆ తర్వాత జరిగినదానికి. ఎత్తేశామని ఉత్తరం వచ్చాక కూడా రెండు నెలలు బ్యాంకు ఖాతాలోంచి పాత మొత్తమే లాగారు. ఉత్తరం అండర్‌రైటింగ్‌ది, వసూలు బిల్లింగ్‌ది, ఈ ఇద్దరి మధ్యా మాటల్లేవు. అందుకే ఉత్తరంతో సరిపెట్టుకోకుండా, సవరించిన పాలసీ స్పెసిఫికేషన్ పేజీ తెప్పించుకోండి. అందులో ఫ్లాట్ ఎక్స్‌ట్రా వరుస పోయి ఉండాలి, కొత్త ప్రీమియం అంకె పడి ఉండాలి.

విమానం బీమాకీ దీనికీ పోలిక పెట్టకండి. అక్కడ ఫ్లయిట్ రివ్యూ తప్పినా, మెడికల్ గడువు దాటినా క్లెయిము చిక్కుల్లో పడవచ్చు. ఈ పాలసీలో అలాంటి షరతు లేదు. మీ దాంట్లో ఉందో లేదో మీరే వెతికి చూడాలి. మొదటి రెండేళ్లలో క్లెయిము వస్తే కంపెనీ దరఖాస్తును లాగ్‌బుక్‌తో సరిపోల్చి చూస్తుంది. విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ తుది నివేదికకు ఏడాది పైనే పట్టవచ్చు, దాని కోసం ఆగే కంపెనీలూ ఉంటాయి. కాబట్టి ఇంట్లో ఒక ఫైలు ఉంచండి: పాలసీ, సవరించిన స్పెసిఫికేషన్ పేజీ, దరఖాస్తు నకలు, పంపిన ప్రశ్నావళి నకలు, బ్రోకరు ఫోను నంబరు, లాగ్‌బుక్ ఫోటోలు. లాగ్‌బుక్ విమానంలో పెట్టుకుని తిరగొద్దు, ఫైలు ఉన్న బీరువాలోనే ఉండనివ్వండి.