ఆసు-రాజు చేతికొస్తే: ఆరేళ్ళు వాడాక నా రివ్యూ

డాలస్ పక్కన ఒక పోకర్ క్లబ్బులో ఆరేళ్ళుగా శుక్రవారం రాత్రుళ్ళు కూర్చుంటున్నాను. ఒకటి-మూడు డాలర్ల బ్లైండ్స్ టేబుల్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేల్లో చిన్నది ఒక డాలరు, పెద్దది (బిగ్ బ్లైండ్) మూడు. మూడు నాలుగొందలతో దిగుతాను. క్యాసినో కావాలంటే ఓక్లహోమా సరిహద్దు దాటాలి, అంత డ్రైవింగ్ నా వల్ల కాదు. ఇక్కడి క్లబ్బులు పాట్‌లోంచి, అంటే మధ్యలో పోగయ్యే పందెం డబ్బులోంచి, కమీషన్ కోసుకోవు, మెంబర్‌షిప్ ఇచ్చి సీటుకి గంటకింత అని కట్టించుకుంటాయి. నేను వెళ్ళే చోట గంటకి 13 డాలర్లు.

ఈ రివ్యూ ఆసు-రాజు గురించి. హోల్డెమ్ అనే పోకర్ ఆటలో మొదట ఇచ్చే రెండు ముక్కల్లో ఒకటి ఆసు, ఒకటి రాజు అన్నమాట. తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ముందు మూడు ముక్కలు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్) తిప్పుతారు, ఒక్కో దశలో పందెం నడుస్తుంది. రెండు ఆసులు వస్తే రాయడానికేముంది, 221 పంపకాల్లో ఒకసారి వస్తాయి, కళ్ళు మూసుకుని రైజ్ చెయ్యడమే, అంటే పందెం పెంచడమే. ఆసు-రాజు మాత్రం 83కి ఒకసారి వస్తుంది. డీలర్ గంటకి ముప్పై సార్లు పంచుతాడనుకుంటే మూడు గంటల లోపే ఒకసారి పలకరిస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఏం చెయ్యాలా అని తల గోక్కోవాల్సిందే.

మనవాళ్ళకి ఈ రెండు ముక్కలు చూడగానే మొహం వెలిగిపోతుంది. రమ్మీ ఆడి పెరిగినవాళ్ళం కదా, రాణి పడితే సీక్వెన్స్ అని మనసు ముందే పరిగెడుతుంది. మూడు ముక్కలాటలో అయితే ఆసు-రాజు-రాణిని మించిన సీక్వెన్సే లేదు. హోల్డెమ్‌లో ఇది ఇంకా ఏమీ కుదరని చెయ్యి. ఎదుటివాడి దగ్గర ముష్టి రెళ్ళ జత ఉన్నా లెక్కలో వాడే కాస్త ముందుంటాడు. ఫ్లాప్‌లో మూడు ముక్కలు తిప్పితే ఆసో రాజో పడేది మూడింట ఒకసారే. ఈ ముక్క అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది, డబ్బు ఎంత పట్టిందో మా ఆవిడ చదివే అవకాశం ఉంది కాబట్టి రాయను.

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం దాచడం. గొప్ప ముక్కలు వచ్చాయి, ఎవరికీ తెలియకూడదు అని ఊరికే మూడు డాలర్లు పెట్టేవాణ్ణి. నా వెనకాల ఆరుగురు మూడేసి డాలర్లతో దూరేవాళ్ళు. ఫ్లాప్‌లో ఆసు పడేది, నేను లోలోపల పండగ చేసుకునేవాణ్ణి, చివరికి బిగ్ బ్లైండ్‌లో పైసా అదనంగా పెట్టకుండా కూర్చున్న ఎవరో ఒకాయన ఏడు-ఐదు చూపించి రెండు జతలతో ఊడ్చుకుపోయేవాడు. తప్పు ఆయనది కాదు, ఆయన్ని ఫ్రీగా లోపలికి రానిచ్చింది నేను.

ఇప్పుడైతే మొదట పందెం తెరిచేది నేనే అయితే 15 డాలర్లు, నాకంటే ముందు ఊరికే మూడు పెట్టి కూర్చున్నవాళ్ళు ఉంటే ఒక్కొక్కరికి ఇంకో 5 కలుపుతాను. ముగ్గురుంటే 30. అంత వేస్తే అందరూ పారిపోరా అని అడుగుతారు. మా టేబుల్ మీద పారిపోరు, శుక్రవారం జీతం పడిన మనుషులు. నాకు కావాల్సింది కూడా ఒకరో ఇద్దరో, అదీ ఆసు-పది, రాజు-జాకీ లాంటివి పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆసు పడినా రాజు పడినా నాకంటే చిన్న తోడుముక్కతో కూర్చునేది వాళ్ళే, ఆసు-రాజుకి డబ్బు వచ్చేది కూడా వాళ్ళ దగ్గర్నుంచే.

అన్నీ సరిగ్గా పడిన రోజు కూడా ఇది ఎలా ముంచుతుందో చెప్తాను. నా దగ్గర ఇస్పేటు ఆసు, ఆఠీన్ రాజు. ముగ్గురు మూడేసి పెట్టారు, నేను 30 చేశాను, ఇద్దరు వచ్చారు, పాట్ 97. ఫ్లాప్ కళావర్ రాజు, డైమన్ తొమ్మిది, ఇస్పేటు నాలుగు. ఇంతకంటే ఏం కావాలి? 50 వేశాను. ఒకడు పారేశాడు, టోపీ పెట్టుకున్న పెద్దాయన కాల్, అంటే తనూ అంతే పెట్టాడు. టర్న్ కళావర్ రెండు. 100 వేశాను. రెండు గంటలుగా ఒక్క రైజ్ కూడా చెయ్యని ఆ పెద్దాయన కాఫీ కప్పు పక్కన పెట్టి, టోపీ సర్దుకుని, ముందున్న చిప్స్ మొత్తం నెమ్మదిగా తోశాడు. 320. పాట్‌లో 617 ఉంది, నేను ఇంకో 220 పెట్టాలి. నాలుగింట ఒకసారి కంటే కాస్త ఎక్కువ గెలిచినా గిట్టుబాటే అని లెక్క చెప్తోంది. కాఫీ కప్పు మాత్రం వేరే చెప్తోంది. నేను లెక్క మాట విన్నాను. ఆయన దగ్గర తొమ్మిదుల జత, అంటే మూడు తొమ్మిదులు. రివర్‌లో ఇంకో రాజు పడినా ఆయనకి ఫుల్‌హౌస్ (మూడు ఒకే రకం, పక్కన ఒక జత, నా మూడు రాజుల కంటే పెద్దది) అవుతుంది, డీలర్ ఆ చివరి ముక్క తిప్పకముందే నా పని అయిపోయింది.

లెక్కలో తప్పు లేదు. ఆ నాలుగింట ఒకసారి ఆయన అబద్ధం ఆడుతుండాలి కదా, అలాంటి మనిషి ఇలా ఆడడు. అప్పట్నుంచి ఈ రకం మనుషులు టర్న్‌లో పైకి లేపితే రాజుల జత పక్కన ఆసు ఉన్నా పారేస్తున్నాను. బాధగానే ఉంటుంది.

ఇంకో గొడవ ఫ్లాప్‌కి ముందే మొత్తం తోసెయ్యడం. ఒక ఆసు, ఒక రాజు మన దగ్గర ఉండటం వల్ల ఎదుటివాడికి ఆసుల జత వచ్చే దారులు ఆరు నుంచి మూడుకి పడతాయి, రాజుల జతకీ అంతే. కుర్రాళ్ళు ఇది నేర్చుకుని ఎవరి మీదైనా తోసేస్తారు. ఆసులు, రాజులు, రాణుల జతలతో మాత్రమే అంత దూరం వచ్చే ముసలాయన మీద తోస్తే మాత్రం, దారులు సగమయ్యాక కూడా మీరు గెలిచేది నూటికి 31 సార్లు. నేనైతే కుర్రాడి మీద తోస్తాను, పెద్దాయన మీద తొయ్యను.

టేబుల్ మీద మనవాడు ఒకడుంటాడు, నన్ను అన్నా అంటాడు. ఆట నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని రూల్, అందుకని ఏడుపులన్నీ పార్కింగ్‌లో. "అన్నా, ఆసు-రాజు నాకు అచ్చిరాదు" అంటాడు వాడు. వాడు ఫ్లాప్‌లో ఆసూ రాజూ తప్పినా మూడుసార్లూ పందెం వేస్తూనే పోతాడు. అచ్చిరాకపోవడం అంటే అదే. తప్పినప్పుడు ఎదురుగా ఒక్కడే ఉంటే ఒక్కసారి చిన్నగా వేసి చూస్తాను, ముగ్గురుంటే చెక్ చెప్పి, అంటే పందెం వెయ్యకుండా, వదిలేస్తాను.

హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చా అని అడిగే తమ్ముళ్ళకి: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. లెక్క నేర్చుకోవడానికి పేకముక్కలు, గుప్పెడు బఠాణీలు చాలు.

రేటింగ్ అయితే ఐదుకి మూడున్నర. మొన్న శుక్రవారం బిగ్ బ్లైండ్‌లో వచ్చింది. ఒక కుర్రాడు 15 చేశాడు, నలుగురు వెంటపడ్డారు. నేను 90 అన్నాను. అయిదుగురూ పారేశారు, ఫ్లాప్ చూడకుండానే 76 డాలర్లు నా వైపుకి. ఆరు గంటల సీటు ఫీజుకి రెండు డాలర్లు తక్కువ.