మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన బ్రిటిష్ సైనికుడి జాడ: ఏ రికార్డును ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంగ్లండ్‌లో దాదాపు ఏ పల్లెకు వెళ్లినా చర్చి పక్కనో కూడలిలోనో ఒక రాతి శిలువ కనిపిస్తుంది. దాని మీద 1914–1918 యుద్ధంలో పోయిన ఊరివాళ్ల పేర్లుంటాయి. ఇంటిపేరు, ఒకటో రెండో పొడి అక్షరాలు, అంతే. ఆ మనిషి ఎప్పుడు చేరాడు, ఏ బెటాలియన్‌తో (సుమారు వెయ్యిమంది దళం, ఒక రెజిమెంటులో ఇలాంటివి కొన్ని ఉంటాయి) ఎక్కడెక్కడ తిరిగాడు, ఏ రోజు ఎలా చనిపోయాడు అన్నది వెతకడానికి దొరికే రికార్డుల్నీ, వాటిని చూపించే సైట్లనీ ఏళ్ల తరబడి వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. ఆఫీసర్లకు వేరే ఫైళ్లున్నాయి కాబట్టి వాళ్ల సంగతి ఇక్కడ లేదు. ప్రైవేటు, కార్పొరల్, సార్జెంటు లాంటి మామూలు సైనికుల గురించే.

పేరుతో వెతికితే దారి తప్పడం ఖాయం. జాన్ స్మిత్‌లు, థామస్ జోన్స్‌లు లెక్కలేనంతమంది. పట్టుకోవలసింది సైనిక నంబరును. అది కూడా విడిగా పనికిరాదు. 1920 వరకు సైన్యం మొత్తానికి ఒకే వరస లేదు, ఏ రెజిమెంటు నంబర్లు ఆ రెజిమెంటువే. అందుకే ఒకే నంబరు పలువురికి ఉంటుంది. రెజిమెంటు మారితే కొత్త నంబరు ఇచ్చేవారు. టెరిటోరియల్ ఫోర్స్ (పార్ట్‌టైమ్ సైన్యం) వాళ్లకైతే 1917 మొదట్లో పాత నంబర్లు తీసేసి ఆరంకెల నంబర్లు ఇచ్చారు. చాలా పదాతి రెజిమెంట్లలో 200001 నుంచి నడిచే వరస మొదటి టెరిటోరియల్ బెటాలియన్‌ది, అంటే మామూలుగా 4వ బెటాలియన్‌ది. 240001 నుంచి ఆ తర్వాతి దానిది. ఆరంకెల నంబరు ఉన్నవాడు 1917కి ముందే చేరి ఉంటే అతనికి చిన్న నంబరు ఇంకోటి ఉంటుంది. దాంతో కూడా వెతక్కపోతే సగం కాగితాలు తప్పిపోతాయి. పేరు, నంబరు, రెజిమెంటు మూడూ కలిస్తేనే అది మన మనిషి కాగితం. రెండే కలిస్తే పక్కన పెట్టండి, పారేయకండి.

మొదట తెరవాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు. పూర్తిగా ఉచితం, వాడుకలో దీన్ని మించింది లేదు. 1917లో ఏర్పడిన ఈ సంస్థ మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు జరిగిన మరణాలను లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే 1919లో ఆస్పత్రిలో పోయినవాడు కూడా ఇందులో ఉంటాడు. చాలామంది పేరు, తేదీ, శ్మశానం చూసి పేజీ మూసేస్తారు. అసలు సరుకు పేజీ అడుగున స్కాన్ చేసి పెట్టిన కాగితాల్లో ఉంది: సమాధి నమోదు పత్రం, శిలాఫలకం పట్టిక, ఇంకా యుద్ధం ముగిశాక చెల్లాచెదురుగా ఉన్న సమాధులను తవ్వి పెద్ద శ్మశానాలకు చేర్చినప్పుడు రాసిన పత్రం. ఈ మూడోదాన్ని మాత్రం వదలొద్దు. శవం ఏ చోట దొరికిందో మ్యాపు గుర్తుతో, దేన్ని బట్టి గుర్తుపట్టారో (మెడలోని గుర్తింపు బిళ్ల, ఉత్తరం, భుజం మీది రెజిమెంటు అక్షరాలు) అందులో వరసగా రాసి ఉంటుంది.

ఆ మ్యాపు గుర్తు చదవడం అరగంటలో వచ్చే విద్య. ఉదాహరణకు '57డి.కె.29.సి.4.9' అని ఉందనుకోండి. 57డి అంటే షీటు. కె అనేది ఆ షీటులో ఒక పెద్ద గడి. 29 అందులో వెయ్యి గజాల గడి. సి అంటే దాన్ని నాలుగు చేసిన 500 గజాల ముక్క. చివరి రెండంకెలు ఆ ముక్క నైరుతి మూల నుంచి లెక్క: ముందు తూర్పుకు నాలుగు పదోవంతులు, తర్వాత ఉత్తరానికి తొమ్మిది. అంటే 50 గజాల లోపు చోటు తెలిసినట్టే. చివర రెండేసి అంకెలిస్తే 5 గజాల దాకా దిగుతుంది. తూర్పు, ఉత్తరం తారుమారు చేయడం అందరూ చేసే తప్పు. ఆనాటి కందకాల మ్యాపులను స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైటు ఉచితంగా చూపిస్తుంది, ఈనాటి మ్యాపు మీద పరిచి చూసుకోవచ్చు కూడా. డబ్బులు తీసుకునే ఏ సైటులోనూ ఇంత మంచి సదుపాయం కనిపించలేదు.

సమాధి లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద ఉంటాయి. ఫ్రాన్సులోని థీప్వాల్ మీద 72 వేలకు పైగా, బెల్జియంలోని మెనిన్ గేట్ మీద 54 వేలకు పైగా. ఏ స్మారకం అనేది చోటుతో పాటు తేదీని బట్టి కూడా నిర్ణయించారు. బెల్జియంలోని ఈప్ర ప్రాంతంలో పోయిన బ్రిటిష్ సైనికుల్లో 1917 ఆగస్టు 16కి ముందువాళ్లు మెనిన్ గేట్ మీద, ఆ తర్వాతివాళ్లు టైన్ కాట్‌లో ఉంటారు. ఫ్రాన్సులోని సోమ్‌లో 1918 మార్చి 20 వరకు థీప్వాల్, ఆ మర్నాటి నుంచి ఆగస్టు 7 వరకు పోజియేర్. కాబట్టి స్మారకం పేరు చూసి చోటు తేల్చేయకూడదు. అది మైళ్ల కొద్దీ నేలకు కలిపి పెట్టిన గుర్తు.

ఇంతమంది గుర్తు తెలియకుండా ఎందుకు పోయారంటే ఫిరంగి దెబ్బ ఒక కారణం, బిళ్ల ఇంకో కారణం. 1916 సెప్టెంబరు వరకు సైనికుడి మెడలో ఒకటే బిళ్ల ఉండేది. చనిపోయాక మరణం నమోదు కోసం దాన్ని తీసుకెళ్తే శవం మీద పేరు చెప్పేది ఏదీ మిగలదు. తర్వాతే రెండు వచ్చాయి: ఎర్రటి గుండ్రని బిళ్ల తీసుకెళ్లడానికి, ఎనిమిది మూలల ఆకుపచ్చ బిళ్ల శవంతో ఉంచడానికి. సోమ్ యుద్ధం మొదలైంది 1916 జులై 1న. ఆ రోజు సేర్ గ్రామం మీదికి నడిచిన అక్రింగ్టన్ పాల్స్, అంటే ఈస్ట్ లాంకషైర్ రెజిమెంటు 11వ బెటాలియన్, సుమారు 720 మంది. అందులో 584 మంది చనిపోయారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. రెండు సైన్యాల మధ్య నేలలో పడిన శవాలను తీసే వీలు 1917 వసంతంలో జర్మన్లు వెనక్కి తగ్గాక గాని రాలేదు. ఒంటి బిళ్ల, పైగా ఏడెనిమిది నెలల ఎండావానా. ఆ ఊరి ఎదుటి చిన్న శ్మశానాల్లో పేరులేని రాళ్లు అన్నెందుకున్నాయో, థీప్వాల్ గోడలు ఎందుకు నిండాయో అర్థమవుతుంది.

శ్మశానం పేరు కూడా మాట్లాడుతుంది. గాయపడినవాడు ముందు కందకం వెనక రెజిమెంటు వైద్యుడి దగ్గరికి, అక్కడి నుంచి ఫీల్డ్ ఆంబులెన్స్‌కి, తర్వాత క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్‌కి, ఆపైన రైల్లో తీరం వైపు ఆస్పత్రికి వెళ్లేవాడు. 10 వేలకు పైగా సమాధులున్న ఎతాప్ల శ్మశానం పెద్ద ఆస్పత్రుల పక్కది. అక్కడ సమాధి ఉన్నవాడు మరణ తేదీకి రోజులో వారాలో ముందు గాయపడి ఉంటాడు. వార్ డైరీలో మరణ తేదీ పేజీ తెరిచి ఏమీ దొరకలేదని విసుగెత్తే వాళ్లు వెనక్కి వెళ్లి చూడాలి.

తర్వాత 1921లో ప్రభుత్వం అచ్చువేసిన మృతుల జాబితా. పుట్టిన చోటు, చేరిన చోటు, బెటాలియన్, మరణం ఎలాంటిదో మూడు మాటల్లో: పోరులో చనిపోయాడు, గాయాలతో చనిపోయాడు, చనిపోయాడు. మూడోది జబ్బు, ప్రమాదం లాంటివాటికి. బెటాలియన్ సంఖ్యలో, ఊరి పేర్ల స్పెల్లింగులో తప్పులు చాలానే ఉన్నాయి. దారి చూపడానికి తీసుకోండి, రుజువుగా వద్దు.

ఎవరికి ఏ యుద్ధ సేవా పతకాలు రావాలో రాసిన మెడల్ ఇండెక్స్ కార్డు దాదాపు ప్రతి ఒక్కరికీ దొరుకుతుంది కాబట్టి కొత్తవాళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. అందులో ఉండేది తక్కువ. 1915 ముగిసేలోగా విదేశానికి వెళ్లినవాళ్లకు ఏ తేదీన ఏ రంగంలో దిగారో ఉంటుంది (2బి అంటే గల్లిపోలి, 3 అంటే ఈజిప్టు). 1916లోనూ ఆ తర్వాతా వెళ్లినవాళ్లకు సాధారణంగా ఆ తేదీ ఉండదు. బ్రిటన్ దాటకుండా పోయినవాళ్లకు ఆ పతకాలు లేవు, కార్డు దొరకదు. కార్డు మీద రాసిన రోల్ నంబరుతో అసలు మెడల్ రోల్ (పతకాలు పొందినవాళ్ల పట్టిక) తెరవాలి. పదాతి దళాలకైతే ఏయే బెటాలియన్లలో పనిచేశాడో వరసగా అక్కడే ఉంటుంది. ఫిరంగి దళం వాళ్లకు ఆ అదృష్టం లేదు, ఏ బ్యాటరీయో (ఫిరంగుల జట్టు) రోల్ చెప్పదు.

సర్వీసు ఫైలు దొరికితే పండగే, కానీ ఆశ పెట్టుకోకండి. 1940 సెప్టెంబరులో లండన్ ఆర్న్‌సైడ్ వీధిలోని వార్ ఆఫీసు గోదాం బాంబుదాడిలో తగలబడి మామూలు సైనికుల ఫైళ్లలో సుమారు 60 శాతం పోయాయి. మిగిలినవే నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 363 అనే వరస, వీటికి 'కాలిన కాగితాలు' అనే పేరుంది. గాయాల వల్లో జబ్బు వల్లో విడుదలై పింఛను తీసుకున్నవాళ్ల కాగితాలు డబ్ల్యూఓ 364లో విడిగా ఉన్నాయి. స్కాన్లలో ఒకరి పేజీలు ఇంకొకరి ఫైల్లో కలిసి ఉంటాయి, కాబట్టి ముందూ వెనకా పది పేజీలు తిప్పండి. ఫైలు కాలిపోయి ఉంటే ఒక ఉపాయం ఉంది. అదే రెజిమెంటులో మన మనిషి నంబరుకు అటూ ఇటూ ఉన్న నంబర్లవాళ్లలో ఎవరి ఫైళ్లు మిగిలాయో చూడండి. 30 ముందువాడు, 20 తర్వాతివాడు ఇద్దరూ ఒకే వారంలో చేరి ఉంటే మనవాడూ ఆ వారమే చేరాడని చెప్పుకోవచ్చు. ఫ్రాన్సులో ఏ బెటాలియన్‌కు ఏ తేదీన కొత్త జట్టు చేరిందో కూడా ఇలాగే బయటపడుతుంది. ఏళ్ల వాడకంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పద్ధతి ఇది.

దానికి తోడుగా సోల్జర్స్ ఎఫెక్ట్స్ రిజిస్టర్లు. మృతుడికి రావాల్సిన జీతం బాకీ, యుద్ధ బహుమానం ఎవరికి ఎంత చెల్లించారో రాసిన పుస్తకాలివి. తల్లో భార్యో పేరుండటం వల్ల మనిషిని నిర్ధారించుకోవచ్చు. యుద్ధ బహుమానం లెక్క సర్వీసు నెలల మీద ఆధారపడింది. ప్రైవేటుకు మొదటి ఏడాది దాటాక నెలకు పది షిల్లింగుల చొప్పున పెరుగుతుంది. అందువల్ల ఆ మొత్తం నుంచి వెనక్కి లెక్కేస్తే చేరిన నెల రమారమి తెలుస్తుంది. హోదా మారితే రేటు మారుతుంది, మధ్యలో మానేసి మళ్లీ చేరితే లెక్క తప్పుతుంది. పక్క నంబర్ల పద్ధతీ ఈ లెక్కా ఒకే నెల చూపిస్తే నిశ్చింతగా రాసుకోవచ్చు.

పింఛను కార్డుల్ని వెస్ట్రన్ ఫ్రంట్ అసోసియేషన్ పారవేయకుండా కాపాడింది, 60 లక్షలకు పైగానే. భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు, కొన్నిసార్లు మరణ కారణం ఉంటాయి.

ఇక వార్ డైరీలు, డబ్ల్యూఓ 95. ప్రతి బెటాలియన్ రోజూ రాసిన పుస్తకం. మామూలు సైనికుడి పేరు ఇందులో వెతకొద్దు, దాదాపు ఉండదు. 'ఓఆర్ 3 మృతి, 11 గాయాలు' అని ఉంటుంది. ఓఆర్ అంటే ఆఫీసర్లు కాని సైనికులు. అయినా ఆ రోజు వాన పడిందా, ఏ కందకంలో ఉన్నారు, రాత్రి తీగ కంచె వేయడానికి వెళ్లారా అన్నది ఇక్కడే తెలుస్తుంది. బెటాలియన్ డైరీ రెండు ముక్కల్లో తేల్చేస్తే దాని పైస్థాయి దళాలైన బ్రిగేడ్, డివిజన్ డైరీల అనుబంధాలు చూడండి. దాడి ఆదేశాలు, మ్యాపులు, తర్వాత రాసిన నివేదికలు అక్కడుంటాయి. ఏ బెటాలియన్ ఏ బ్రిగేడ్‌లో ఉందో 'లాంగ్ లాంగ్ ట్రెయిల్' సైటు ఉచితంగా చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తగువు మరణ తేదీ దగ్గరే. నాలుగు రోజులు పోరాడి వెనక్కి వచ్చాక హాజరు పిలిచేవారు. పలకనివాళ్లందరికీ ఒకే తేదీ పడేది. గల్లంతైనవాళ్లకు నెలలు గడిచాక 'ఆ తేదీన లేదా ఆ తర్వాత' అని మరణం నిర్ణయించేవారు. కమిషన్ తేదీకీ ఎఫెక్ట్స్ రిజిస్టరుకూ ఒకరోజు తేడా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. బందీగా చిక్కాడేమోనన్న అనుమానముంటే రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ జెనీవా రికార్డులు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కార్డు మీది సంఖ్యతో జాబితా పేజీకి వెళ్లాలి, ఓపిక కావాలి.

మన దేశం ఈ కథలో రెండుచోట్ల తగులుతుంది. మొదటిది, ఫ్రాన్సుకు వెళ్లిన సికింద్రాబాద్ కావల్రీ (గుర్రపు దళం) బ్రిగేడ్. అందులో 20వ డెక్కన్ హార్స్, 34వ పూనా హార్స్ అనే భారతీయ దళాలతో పాటు 7వ డ్రాగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ దళం ఉంది. 1916 జులై 14న హై వుడ్ దగ్గర గుర్రాల మీద దాడికి వెళ్లింది ఈ బ్రిగేడే. 7వ డ్రాగూన్ గార్డ్స్‌లోని బ్రిటిష్ సైనికుడి కోసం వార్ డైరీ వెతికేవాళ్లు బ్రిటిష్ డివిజన్ల కింద కాక ఇండియన్ కావల్రీ డివిజన్ కింద చూడాలి.

రెండోది, భారతదేశపు కంటోన్మెంట్లలో జబ్బుచేసి పోయినవాళ్లు. చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ 1914–1918 స్మారకం మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. శాశ్వతంగా కాపాడే వీలులేని కంటోన్మెంటు, పౌర శ్మశానాల్లో ఉన్నవాళ్లవి అవి. సమాధి చెన్నైలో ఉందనుకుని వెతికితే దొరకదు. పేజీలోని అదనపు సమాచారంలో అసలు పూడ్చిన చోటు రాశారేమో ముందు చూడండి. తర్వాత బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో చర్చి ఖననాల నమోదులు (మద్రాసుకు ఎన్/2 వరస) ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ అనే చందా సైటులో స్కాన్లు దొరుకుతాయి. మరణ కారణం, వయసు, పూడ్చిన తేదీ అక్కడ ఉంటాయి. మూడేళ్లు భారతదేశంలోనే కాపలా కాసి పోయినవాడికి విక్టరీ మెడల్ రాదు, బ్రిటిష్ వార్ మెడల్ ఒక్కటే. కార్డు మీద ఒకటే పతకం ఉందని తప్పుగా అనుకోవద్దు.

ఖర్చు విషయం. మెడల్ రోల్స్, ఎఫెక్ట్స్ రిజిస్టర్లు, కాలిన కాగితాలు ఆన్సెస్ట్రీ అనే చందా సైటులో ఉన్నాయి. పింఛను కార్డులు దాని తోబుట్టువు ఫోల్డ్3లో. ఒక్క మనిషి కోసమైతే ఏడాది చందా దండగ. ఉచిత సైట్లన్నీ ముగించి, నంబరూ బెటాలియనూ తేల్చుకుని, అప్పుడు ఒక నెలకు కట్టి దొరికిన ప్రతి పేజీనీ దించుకోండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఆన్సెస్ట్రీ ఉచితం. లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ చదువుగదిలో ఆన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ రెండూ ఉచితమే. ప్రభుత్వ యుద్ధ మరణ ధ్రువపత్రం మాత్రం కొనొద్దు. కమిషన్ పేజీలో ఉన్నదానికి మించి అందులో సాధారణంగా ఏమీ ఉండదు, ఆ డబ్బుతో వార్ డైరీ దించుకోవచ్చు.