బడికి వచ్చిన ఆర్టిస్ట్ వర్క్‌షాప్: ఆర్టిస్ట్‌కు ఐదు స్టార్లు, టైమ్‌టేబుల్‌కు రెండు

ఈసారి మా బడిలో ప్రైమరీ పిల్లల కోసం బయటి నుంచి ఒక ఆర్టిస్ట్‌ను పిలిపించి ప్రింట్‌మేకింగ్, అంటే బొమ్మల్ని అచ్చు వేసే విద్య, వర్క్‌షాప్ పెట్టించారు. టీచర్‌గా రోజంతా ఆ గదిలోనే ఉన్నాను కాబట్టి, ఇలాంటిది పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. వచ్చినావిడ బంగారం. బుక్ చేసిన ప్యాకేజీ మాత్రం శుద్ధ దండగ.

ముందు ఆవిడ గురించి. రాగానే ప్రొజెక్టర్ పెట్టి గొప్ప చిత్రకారుల జీవిత చరిత్రలు మొదలుపెట్టే రకం కాదు (అలాంటి వాళ్లనూ చూశాం, కాసేపటికి సగం మంది పిల్లలు బెంచీల కింద ఉంటారు). ఒక పల్చటి ఫోమ్ షీట్ తీసి, మొద్దుబారిన పెన్సిల్‌తో నాలుగు గీతలు నొక్కి గీసి, రోలర్‌తో నీలం ఇంకు పూసి, పైన కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో రుద్ది, ఒక మూల పట్టుకుని మెల్లగా లేపారు. గీత నొక్కుకుపోయిన చోట ఇంకు అంటదు కదా, గీతలు తెల్లగా, మిగతాదంతా నీలంగా వచ్చింది. క్లాసు క్లాసంతా కేక. ఇక ఉపన్యాసం ఏముంది, అందరూ పనిలో పడ్డారు.

నాకు బాగా నచ్చింది ఇంకు పరిచే పద్ధతి నేర్పిన తీరు. ఎక్కువైతే గీతలు పూడుకుపోతాయి, తక్కువైతే ప్రింట్ మచ్చలు మచ్చలుగా వస్తుంది, మరి సరిపోయిందని ఆరేళ్ల పిల్లకు ఎలా తెలియాలి? చెవి పెట్టి వినమన్నారు. ఇంకు పల్చగా, సమంగా పరుచుకుంటే రోలర్ కింద చిటచిటమని సన్నటి చప్పుడు వస్తుంది, ముద్దగా ఉంటే తపతపమంటుంది. రోజూ గొంతు చించుకున్నా నోరు మూయని మా రెండో తరగతి ఆ చప్పుడు కోసం గప్‌చుప్‌గా కూర్చుంది.

పేరు రాసుకున్న వాళ్లందరి పేర్లూ తిరగబడి వచ్చాయి. ఆవిడ ముందుగా హెచ్చరించలేదు, కావాలనే. "ఎందుకలా వచ్చింది?" అని పిల్లలు అడిగాక అద్దం ఇచ్చారు, ఆ తర్వాతే హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ, అదే 1831 ప్రాంతంలో అచ్చయిన జపాన్ చెక్క అచ్చు, బయటికి తీశారు. ఆ పద్ధతిలో పల్చటి కాగితం మీద వేసిన బొమ్మను చెక్కకు బోర్లా అతికించి, కాగితంతో పాటే చెక్కేస్తారట, అందుకే చెక్క మీద బొమ్మ తిరగబడి ఉండి, అచ్చు వేశాక సరిగ్గా వస్తుంది. "అయితే అసలు బొమ్మ పోయినట్టేనా?" అని ఒకడు బాధపడిపోయాడు. పోయినట్టే. దాని మీద ఎంత చర్చ జరిగిందో!

పెద్ద తరగతుల్లో లాభం ఇంకోలా కనిపించింది. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి చాలామంది "నాకు డ్రాయింగ్ రాదు" అని చేతులెత్తేస్తారు. వయసును బట్టి పిల్లల బొమ్మలు ఎలా మారతాయో కళావిద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే దశలుగా విడదీసి రాశాడు, అందులో తొమ్మిది నుంచి పదకొండు మధ్య పిల్లలకు బొమ్మ నిజంలా ఉండాలన్న పట్టింపు మొదలవుతుందంటాడు. మామూలు డ్రాయింగ్ క్లాసులో ఆ పట్టింపే వాళ్లను ఆపేస్తుంది. ప్రింట్‌లో మాత్రం చివరికి ఏం వస్తుందో కాగితం లేపేదాకా ఎవరికీ పూర్తిగా తెలియదు, కాబట్టి బాగా గీసేవాడికీ గీయనివాడికీ అదే టెన్షన్, అదే సరదా. ఎప్పుడూ పెన్సిల్ ముట్టని ఒక పిల్లాడు ఆకుల ఈనెల్లాంటి గీతలతో వేసింది చూసి నేనే ఆశ్చర్యపోయా.

ఇక ప్యాకేజీ సంగతి. బుక్ చేసిన సంస్థ "ఒక్క రోజులో బడి మొత్తం" అని అమ్మింది, ఆఫీసులో వాళ్లకు ఆ లెక్క నచ్చేసింది, తలకింత అని చూస్తే చవక కదా. తీరా క్లాసుకు ఒక పీరియడ్. అందులో ఏప్రాన్లు తొడగడం, చేసి చూపించడం, బొమ్మ గీయడం, నాలుగే రోలర్లు కాబట్టి క్యూలో నిలబడడం, చేతులు కడగడం అన్నీ అయిపోవాలి. చిన్నవాళ్లలో ఎక్కువమందికి ఒక్క ప్రింటే దక్కింది. ఇది చిన్న విషయం కాదండీ. మొదటి ప్రింట్ ఎప్పుడూ పాడవుతుంది, రెండోదానికి ఇంకు తగ్గించాలని తెలుస్తుంది, మూడోదానికి "ఇక్కడ ఇంకో గీత పెడితే?" అన్న ఆలోచన వస్తుంది. ఒకే ప్లేటు (గీతలు గీసుకున్న ఫోమ్ షీట్) నుంచి మళ్లీ మళ్లీ ప్రింట్లు తీయగలగడమే కదా ఈ విద్య ప్రత్యేకత, ఒక్కటి తీసి లేచిపొమ్మంటే దీనికి ప్రింట్‌మేకింగ్ ఎందుకు, క్రేయాన్లు చాలు. మధ్యాహ్నానికి ఆవిడ గొంతు కూడా పోయింది, పాపం.

అయినా అంతకుముందు వచ్చిన ఒకాయన కంటే ఇది వంద రెట్లు మేలు. ఆయన అన్నీ ముందే కత్తిరించి తెచ్చి, పిల్లల చేత జిగురు మాత్రం రాయించారు. సాయంత్రం ప్రతి చేతిలో ఒకే గుడ్లగూబ. తల్లిదండ్రులకు భలే నచ్చింది, అది వేరే సంగతి.

పెట్టించే ఆలోచన ఉంటే రోజుకు రెండు క్లాసులకు మించి ఒప్పుకోకండి, మిగతా వాళ్లకు తర్వాతి టర్మ్ ఉంది. పిల్లలు సొంతంగా ఏ భాగం చేస్తారో ముందే అడగండి. టీచర్లు పక్కన కూర్చుని నోట్సులు దిద్దుకోకుండా ఒక ప్రింట్ వేయాలి, మా ఆర్టిస్ట్ పట్టుబట్టి వేయించారు, అందుకే ఇప్పుడు ఫోమ్, రోలర్లు కొనుక్కుని మేమే కొనసాగించగలుగుతున్నాం. లినో కట్టర్లు (లినోలియం షీటు మీద బొమ్మ చెక్కే పదునైన పనిముట్లు) తెస్తామని ఎవరైనా అంటే మాత్రం ప్రైమరీకి వద్దని చెప్పండి, జారితే వేలు లోతుగా తెగుతుంది.

ఇంకొకటి, గదిలో తాడు కట్టి క్లిప్పులు ముందే సిద్ధంగా పెట్టుకోండి. తడి ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అతుక్కుపోతాయి, మా ఒకటో తరగతివి చాలావరకు అలాగే పోయాయి.