స్పేస్ యుద్ధం గేముల్లో ఫిజిక్స్: ఏది మేలు?

శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే నెల్లూరులో చాలామంది మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తుంటారు. మర్నాడు క్లాసులో ఎవరో ఒక పిల్లాడు ఈ ప్రశ్న అడగకుండా ఉండడు: "సార్, స్పేస్‌లో కొట్టుకునే గేముల్లో ఫిజిక్స్ కరెక్టుగా ఉండేది ఏది?" నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, ఈ గేములన్నా నాకు ప్రాణం. అడిగిన ప్రతి ఒక్కరికీ మళ్ళీ మళ్ళీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుంది.

లెక్కలోకి తీసుకోవాల్సినవి మూడు: ఎలీట్ డేంజరస్, కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్, చిల్డ్రన్ ఆఫ్ ఎ డెడ్ ఎర్త్. మిగతా వాటి గురించి తర్వాత రెండు ముక్కలు చెబుతాను.

పిల్లలు ముందు అడిగేది "టాప్ స్పీడ్ ఎంత సార్?" అని. అంతరిక్షంలో ఆ ప్రశ్నకే అర్థం లేదు. అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను కలపడానికి ఇస్రో చేసిన స్పేడెక్స్ ప్రయోగాన్నే చూడండి. 2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ మీద వెళ్ళిన ఆ రెండు ఉపగ్రహాలు దాదాపు 475 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో భూమి చుట్టూ తిరిగాయి. 2025 జనవరి 16న అవి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ చివరి క్షణాల్లో ఒకటి రెండోదాన్ని సమీపించడానికి పెట్టుకున్న వేగం సెకనుకు 10 మిల్లీమీటర్ల స్థాయిది. మరి వాటి స్పీడ్ ఏడున్నర కిలోమీటర్లా, 10 మిల్లీమీటర్లా? రెండూ నిజమే. దేనితో పోల్చి చూస్తున్నామన్నదే విషయం. యుద్ధంలోనూ అంతే. శత్రువుతో పోలిస్తే నా వేగమెంత, దాన్ని మార్చుకోవడానికి నా దగ్గర ఎంత ఇంధనం ఉంది? ఈ రెండు ప్రశ్నలు వేయని గేములో బొమ్మలు ఎంత బాగున్నా నాకు తృప్తి ఉండదు.

నా దృష్టిలో అసలు పరీక్ష ఒక్కటే: ఆగడానికి ఖర్చు ఉందా లేదా? ఇంజిన్ ఆపేస్తే షిప్ అదే వేగంతో పోతూనే ఉంటుందని న్యూటన్ మొదటి నియమం చదివిన ఎవరికైనా తెలుసు. ఆగాలంటే ఎంత పడుతుందో మాత్రం చాలామంది లెక్కేసి చూడరు. 100 టన్నుల షిప్ ఉందనుకుందాం. ఇంజిన్ నుంచి వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడుతున్నాయి. మామూలు రసాయన ఇంధనాలతో వచ్చేది ఇంచుమించు ఆ వేగమే. ఈ షిప్ సెకనుకు 3 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే 63 టన్నుల ఇంధనం కాలిపోవాలి. అంత వేగం అందుకుని మళ్ళీ ఆగాలంటే 86 టన్నులు కావాలి. అంటే షిప్ గోడలు, మనుషులు, తుపాకులు అన్నీ కలిపి 14 టన్నుల్లో సర్దాలి. వెళ్ళడం మాత్రమే అయితే ఇదే షిప్‌లో 37 టన్నులు మోసుకెళ్ళొచ్చు. ఇంధనానికీ వేగానికీ లెక్క చెప్పే త్సియోల్కోవ్‌స్కీ రాకెట్ సూత్రంలో విలువలు పెట్టి మీరే చూసుకోండి. బ్రేక్ వేయాలన్న ఒక్క కోరికే షిప్ మోసుకెళ్ళగలిగిన బరువులో సగానికి పైగా మింగేసింది. వెంటపడాలా వద్దా, తప్పుకోవాలా, ఎదురు నిలవాలా అన్న నిర్ణయాలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

ఈ పరీక్షలో ఎలీట్ డేంజరస్ సగం మార్కులతో పాసవుతుంది. 2014లో వచ్చిన ఈ గేములో ఫ్లైట్ అసిస్ట్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షిప్ విమానంలా నడుస్తుంది, ముక్కు ఎటు తిప్పితే అటే పోతుంది. ఆఫ్ చేసి చూడండి, అక్కడుంది మజా. షిప్ ముందుకు దూసుకుపోతూనే ఉంటుంది, మీరు ముక్కు వెనక్కి తిప్పి వెంటపడ్డవాణ్ణి కాల్చొచ్చు. చేతికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. ఒకసారి పట్టు దొరికితే మాత్రం మళ్ళీ ఆన్‌లో పెట్టి ఆడబుద్ధి కాదు.

అయినా సైడ్‌వైండర్ అనే మొదటి షిప్‌కి మామూలు గరిష్ఠ వేగం సెకనుకు 220 మీటర్లే, బూస్ట్ కొడితే 320. శూన్యంలో ఈ హద్దు ఎందుకు? ఆపేది గాలి కాదు, గేమ్ తయారుచేసినవాళ్ళు. స్పీడ్ మధ్యస్థంగా ఉన్నప్పుడే షిప్ చురుగ్గా తిరుగుతుందన్నదీ వాళ్ళు పెట్టిన రూలే, శూన్యంలో దానికి కారణమేమీ లేదు. ఇంధనం ప్రధానంగా ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడానికి ఖర్చవుతుంది. యుద్ధంలో ఎన్నిసార్లు వేగం పెంచినా, ఆగినా ట్యాంకులో చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఆ హద్దు పెట్టడానికి బలమైన కారణం ఉందని కూడా ఒప్పుకోవాలి. ఇదే వరుసలో 1993లో వచ్చిన ఫ్రాంటియర్ గేములో నిజమైన న్యూటన్ పద్ధతే పెట్టారు. ఏమైంది? రెండు షిప్‌లు ఎదురెదురుగా దూసుకొచ్చి, క్షణంలో దాటిపోయి, మళ్ళీ ఆగి వెనక్కి రావడానికే బోలెడంత సమయం పట్టేది. ఒకరితో ఒకరు పోలిస్తే సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో ఎదురుపడితే, 2 కిలోమీటర్ల దూరం నుంచి మీరిద్దరూ కలుసుకోవడానికి పట్టేది 0.4 సెకన్లు. కన్ను చూసి వేలు నొక్కేలోపే సగం అయిపోతుంది. అదే రెండు సైడ్‌వైండర్లయితే నాలుగున్నర సెకన్లు దొరుకుతాయి. మనిషి చేత్తో గురిపెట్టి ఆడాలంటే స్పీడ్‌కి కళ్ళెం వేయక తప్పదు.

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అసలు యుద్ధం గేమే కాదు. తుపాకులు కావాలంటే బీడీ ఆర్మరీ లాంటి మాడ్, అంటే ఆటగాళ్ళు తయారుచేసిన అదనపు ప్రోగ్రామ్, వేసుకోవాలి. కానీ ఆగడానికి ఖర్చు ఎంతో వేలు పట్టుకుని నేర్పించేది ఇదే. అందులోని కెర్బిన్ గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, భూమిలో పదో వంతు కూడా లేదు. అందుకే దాని చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్యలో తిరగడానికి సెకనుకు దాదాపు 2.2 కిలోమీటర్లు చాలు, మనకు 7.8 కావాలి. అంకెలు చిన్నవే గానీ సూత్రాలు అసలైనవి. ఒకే కక్ష్యలో మీ ముందు పోతున్న షిప్‌ని అందుకోవాలంటే దాని వైపు ఇంజిన్ కొట్టకూడదు. కొడితే మీ కక్ష్య పెద్దదై మీరే వెనకబడతారు. బ్రేక్ వేసి కిందికి దిగితే ముందుకు పోతారు. 1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమినీ-4లో వ్యోమగామి మెక్‌డివిట్‌కి ఎదురైంది సరిగ్గా ఇదే. ఖాళీ అయిన రాకెట్ దశను చేరుకుందామని దాని వైపే ఇంజిన్లు కొడుతూ పోయి, ఇంధనం ఖర్చయినా దాన్ని అందుకోలేకపోయాడు. ఈ గేమ్ ఆడిన ఇంటర్ కుర్రాడికి ఇప్పుడది వేళ్ళ చివర తెలిసిన సంగతి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది 2016లో వచ్చిన చిల్డ్రన్ ఆఫ్ ఎ డెడ్ ఎర్త్. ఇది మన సౌర కుటుంబంలోనే జరుగుతుంది. కెర్బల్‌లో ఒకసారికి ఒకే గ్రహం ఆకర్షణను లెక్కిస్తారు, ఇందులో అన్నిటి ఆకర్షణనూ కలిపి లెక్కిస్తారు. ప్రతి షిప్ పక్కనా డెల్టా-వి అంకె ఉంటుంది, అంటే ఇంకా ఎంత వేగం మార్చుకోగలదో చెప్పే నిల్వ. యుద్ధమంతా దాని చుట్టూనే. తుపాకీ పేలకముందే చాలా పోరాటాలు తేలిపోతాయి. మీరు తప్పుకునే కొద్దీ క్షిపణి కూడా తన నిల్వ ఖర్చుపెట్టి దారి మార్చుకోవాలి. దాని నిల్వ ముందు అయిపోతే మీరు బతికినట్టే. మీది ముందు అయిపోయిందా, ఎంత పెద్ద షిప్ అయినా కదలని గురే.

రేడియేటర్లు చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది. శూన్యంలో వేడి బయటికి పోవడానికి వికిరణం ఒక్కటే దారి. అందుకే ఈ షిప్‌లకు పెద్ద పెద్ద రెక్కల్లాంటి రేడియేటర్లు ఉంటాయి. శత్రువు వాటిని పగలగొడితే రియాక్టర్ వేడిని వదిలించుకునే దారి మూసుకుపోతుంది. తూటాల్లో మందు లేకున్నా పర్వాలేదు: సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో తగిలే ఒక కిలో ఇనుప ముక్కకు 3 కిలోల టీఎన్‌టీ అంత శక్తి ఉంటుంది. గతిశక్తి సూత్రం ½mv² ఎందుకు బట్టీ పట్టాలి సార్ అని అడిగేవాళ్ళకు నేను చూపించేది ఇదే. లోపాలూ ఉన్నాయి. కాక్‌పిట్ లేదు, స్టిక్ పట్టుకుని నడిపేది లేదు. మీరు ఆజ్ఞలిస్తే గురి కంప్యూటరే చూసుకుంటుంది. ఆ వేగాల్లో నిజంగా కూడా అలాగే జరగాలి కాబట్టి నేను దాన్ని తప్పు పట్టను.

స్టార్ వార్స్ స్క్వాడ్రన్స్ సరదాకి బాగుంటుంది, అది విమానాల గేమ్. స్టార్ సిటిజన్‌కీ వేగ పరిమితులున్నాయి, పైగా పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. శూన్యంలో పేలుళ్ళ శబ్దం ఎలా వినిపిస్తుందని చాలామంది వాదిస్తారు గానీ, నాకది చిన్న విషయం. 1962లో ఎంఐటీలో పీడీపీ-1 కంప్యూటర్ మీద రాసిన స్పేస్‌వార్‌లోనే మధ్యలో నక్షత్రం, దాని ఆకర్షణ, ఇంజిన్ ఆపినా జారిపోయే షిప్‌లు ఉన్నాయి. తర్వాత వచ్చినవాటిలో చాలా గేములు అక్కడి నుంచి వెనక్కి నడిచాయన్నదే నా బాధ.

కాబట్టి అబ్బయ్యా, చేత్తో నడపాలని ఉంటే ఎలీట్ తీసుకో, ఫ్లైట్ అసిస్ట్ ఆఫ్ చేసి ఆడు. నిజంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే చిల్డ్రన్ ఆఫ్ ఎ డెడ్ ఎర్త్ తీసుకో. అయితే నేరుగా దాంట్లోకి దిగితే కక్ష్యల దగ్గరే చిక్కుకుపోతావు. ముందు కెర్బల్‌లో రెండు షిప్‌లను కక్ష్యలో కలిపి చూడు, అది కుదిరాక దీన్ని మొదలుపెట్టు.